సర్దుకోవడం వేరు, సర్దుకుపోవడం వేరు

పోయిన నెల మన క్లాసులో ఒక చెల్లికి అమెరికా సంబంధం వచ్చింది. పేరు రాయను, మీ అందరికీ తెలుసు. మధ్యాహ్నం క్యారేజీలు విప్పుకుని కూర్చున్నప్పుడు ఆ అమ్మాయి నన్ను అడిగింది. "అక్కా, నువ్వు నాలుగేళ్ళు ఉండొచ్చావు కదా, అక్కడ సర్దుకోవడం కష్టమా?" నేను నవ్వుతాలకి, "లైటు స్విచ్చి కిందకి కాదు, పైకి వెయ్యాలి. అదొక్కటి గుర్తుపెట్టుకో చాలు" అన్నాను. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

సాయంత్రం బస్సు కోరంగి దాటేవరకూ ఆ మాట నన్ను గుచ్చుతూనే ఉంది. అడిగిన పిల్లకి అది జవాబు కాదు. రెండు రోజుల తర్వాత వ్యాకరణం క్లాసులో మేడమ్ సహాయక క్రియలు చెప్తూ బోర్డు మీద 'కొను', 'పోవు' అని రాశారు. వండుకుంది, కట్టుకుంది, దాచుకుంది అంటే ఆ పని తన కోసం చేసుకోవడం. విరిగిపోయింది, మాసిపోయింది, చచ్చిపోయింది అంటే ఉన్నది కాస్తా చేజారడం. నేను నోట్సులో 'సర్దుకొను' అని రాసి, దాని కింద 'సర్దుకుపోవు' అని రాశాను. రెండింటినీ చూస్తూ కూర్చుంటే క్లాసు అయిపోయింది. అందుకే ఈ వ్యాసం.

తెలియనివాళ్ళకి నా సంగతి రెండు ముక్కల్లో. మాది యానాంలో కనకాలపేట. 2011లో పెళ్ళయ్యాక మా ఆయనతో అమెరికా వెళ్ళాను. న్యూజెర్సీ రాష్ట్రంలో జెర్సీ సిటీ అనే ఊరు. హడ్సన్ నదికి అవతలి గట్టున న్యూయార్కు. 2015లో తిరిగి వచ్చేశాం. ఇప్పుడు ఆయనకి హైదరాబాదులో ఉద్యోగం. నేను అమ్మ దగ్గర ఉండి ఈ ఎం.ఏ. చదువుతున్నాను. ఎందుకలా అని అడిగేవాళ్ళకి పక్కకి పిలిచి చెప్తాను గానీ, గోడ మీద రాయను.

ముందు తేలిక సంగతులు. అవి చెప్పుకోడానికి నిజంగానే సరదాగా ఉంటాయి.

స్విచ్చి సంగతి చెప్పేశాను. తర్వాత ధర. ఒక దుకాణంలో డాలరు అని రాసి ఉన్న సబ్బు తీసుకుని, గుప్పిట్లో సరిగ్గా ఒక్క డాలరు నోటు పట్టుకుని లైన్లో నిలబడ్డాను. (ఒక్క డాలరే ఎందుకుందో తర్వాత చెప్తాను.) కౌంటరు దగ్గర అమ్మాయి డాలరు ఏడు సెంట్లు అంది. మన దగ్గర ఎమ్మార్పీ అంటే పన్నులన్నీ కలిపిన ధర. అక్కడ పన్ను చివర్లో కలుపుతారు. సబ్బు అక్కడే పెట్టేసి వెళ్ళిపోతుంటే, వెనకాల నిలబడ్డ ముసలాయన జేబులోంచి చిల్లర తీసి ఇచ్చేశాడు. సిగ్గుతో థాంక్స్ చెప్పడానికి కూడా నోరు రాలేదు. ఆ చిల్లరదీ ఒక గోల. పది సెంట్ల బిళ్ళ ఐదు సెంట్ల బిళ్ళ కన్నా చిన్నది, పైగా దాని మీద పది అనే అంకె ఉండదు. తేదీల్లో నెల ముందు, రోజు తర్వాత. కాగితం మీద 03/04 అని చూసి, మార్చి నాలుగున పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సినదాన్ని ఏప్రిల్ మూడు దాకా పంటినొప్పి భరించాను.

లిఫ్టులో ఒకావిడ "హౌ ఆర్ యూ" అంది. రెండు రోజులుగా జలుబండి, రాత్రి నిద్ర కూడా లేదండి అని నాకొచ్చిన ఇంగ్లీషులో మొదలుపెట్టాను. ఆవిడ దిగాల్సిన అంతస్తు వచ్చింది, నవ్వి దిగిపోయింది. ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేసి, ఇక్కడివాళ్ళకి మనసు లేదమ్మా అని చెప్పేశాను. మన ఊళ్ళో సంచీ పట్టుకుని వెళ్తుంటే "ఏంటి, బజారుకా?" అంటారు చూడండి, అదీ ఇదీ ఒకటే. జవాబు కోసం అడిగేది కాదు. ఈ పోలిక తట్టడానికి నాకు ఏడాది పట్టింది. అమ్మతో అన్న మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

మార్చిలో గడియారం గంట ముందుకి, నవంబరులో గంట వెనక్కి జరుపుతారు. వేసవిలో మనకీ వాళ్ళకీ తొమ్మిదిన్నర గంటల తేడా, చలికాలంలో పదిన్నర. "ఆ గంట ఎవరు ఎత్తుకుపోయారే?" అని మా అమ్మ ఏటా నవంబరులో అడిగేది.

ఇలాంటివి వందుంటాయి. ఆరు నెలలు, మహా అయితే ఏడాది. వీటిని నేను సర్దుకోవడం అంటాను. బీరువాలో బట్టలు సర్దుకున్నట్టు. నా చెయ్యి, నా బీరువా, ఏది ఏ అరలో పెట్టాలో నా ఇష్టం. ఇందులో పోయేదేమీ లేదు. పైగా కొంత వచ్చి చేరుతుంది.

వచ్చి చేరినవాటిలో పెద్దది 'అతే'.

ఒక మధ్యాహ్నం పప్పుచారుకి పోపు పెడుతున్నాను. ఎండుమిరపకాయలు కాస్త నల్లబడ్డాయో లేదో, పైన ఉన్న పొగ అలారం కీచుమని అరవడం మొదలుపెట్టింది. దాన్ని ఆపడం నాకు తెలీదు. మా ఆయన ఆఫీసులో ఉన్నారు. ఫైరింజను వచ్చేస్తుందేమో, మమ్మల్ని ఇల్లు ఖాళీ చెయ్యమంటారేమో అని వణికిపోతుంటే, ఎదురు ఫ్లాటు తలుపు తీసుకుని ఒకావిడ వచ్చింది. పొట్టిగా ఉంది, నర్సులు వేసుకునే నీలం బట్టల్లో ఉంది. ఏమీ అడగకుండా నా చేతిలో తువ్వాలు లాక్కుని అలారం కింద గబగబా విసిరింది. కిటికీ తీసింది. వాళ్ళింట్లోంచి బల్ల ఫ్యాను తెచ్చి గాలి బయటికి పోయేలా పెట్టింది. చప్పుడు ఆగాక గిన్నెలోకి తొంగి చూసి, వాసన పీల్చి, "చింతపండేనా?" అని ఇంగ్లీషులో అడిగింది.

ఆవిడది ఫిలిప్పీన్స్. చింతపండు పులుపుతో చేపలు వేసి వండే 'సినిగాంగ్' అనే వంటకం వాళ్ళకుంది. కారం లేదనే గానీ మన పులుసుకి చుట్టమే. వాళ్ళూ ఎండుచేపలు వేయించుకుంటారు. అలారం సంగతి ఆవిడకి అంత బాగా ఎలా తెలుసో నాకప్పుడు అర్థమైంది. వాళ్ళ భాషలో అక్కని 'అతే' అంటారు. చిన్నవాళ్ళందరూ ఆవిడని అలాగే పిలుస్తారు. నేను మొదటిసారి విని 'అత్త' అనుకుని కాస్త జంకాను. ఎదురుపడగానే ఆవిడ అడిగే మాట, "కుమాయిన్ క న?" అంటే "తిన్నావా?" అని. ఆ దేశంలో నన్ను తిన్నావా అని అడిగిన మొదటి మనిషి ఆవిడే.

వాళ్ళ కొట్టుకి నన్ను తీసుకెళ్ళింది. ఐస్ పెట్టెలో పచ్చటి ప్యాకెట్టు మీద 'మలుంగ్గాయ్' అని ఉంది. తిప్పి చూస్తే మునగాకు! పక్కనే 'కాంగ్‌కాంగ్' అని కట్టలు కట్టి పెట్టినది మన తూటికూర. మా కాలవ గట్టున ఎవరూ పట్టించుకోని కూరని డాలర్లు పోసి కొంటుంటే నవ్వాగలేదు. కాకరకాయలున్నాయి, ఎండురొయ్యలున్నాయి. వాళ్ళకి 'బంగుస్' అనే చేప ప్రాణం. ఒళ్ళంతా ముళ్ళే. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు మా గోదారి వైపు అని చెప్తే, పుస్తెలంటే ఏమిటని అడిగింది. చూపించాను. "ఇది అమ్మితే భర్త ఏమీ అనడా?" అంది. సామెతనమ్మా, నిజం కాదు అని చెప్పేసరికి తాతలు దిగొచ్చారు.

ఆవిడ అమెరికా ఎలా వచ్చిందన్నది ముఖ్యం. ఫిలిప్పీన్స్‌ని 1898 నుంచి 1946 దాకా అమెరికా ఏలింది. అమెరికా పద్ధతిలో, ఇంగ్లీషులో నర్సింగు నేర్పే బళ్ళు అప్పుడే పెట్టారు. 1948లో మొదలైన ఒక పథకం కింద, ఆ తర్వాత 1965లో వలస చట్టం మారాక, అక్కణ్ణించి నర్సులు తరతరాలుగా అమెరికా ఆసుపత్రులకి వెళ్తూనే ఉన్నారు. అంటే వాళ్ళలో ఆడవాళ్ళు ఎవరి వెనకాలో రాలేదు, వాళ్ళే ముందొచ్చారు. అతే తన చదువు మీద, తన పేరు మీద వచ్చింది. ఆవిడ కాగితాల వెనకాల ఆవిడ భర్తా పిల్లలూ వచ్చారు. "మరి నువ్వు?" అంది. నేను మా ఆయన వెనకాల వచ్చాను. నా వీసా పేరు హెచ్‌-4. ఆ కాగితం నన్ను 'డిపెండెంట్' అంటుంది. మన మాటల్లో చెప్పాలంటే ఆధారపడిన మనిషి. నేను బి.ఎస్సీ. కంప్యూటర్స్ ఫస్టు క్లాసు. ఆ వీసా మీద చదువుకోవచ్చు, డబ్బులుంటే. ఉద్యోగం మాత్రం చెయ్యకూడదు. పని చేసే అనుమతి లేదు కాబట్టి అక్కడ అన్నిటికీ అడిగే సోషల్ సెక్యూరిటీ నంబరూ ఇవ్వరు.

2012 అక్టోబరు 29 రాత్రి శాండీ తుఫాను వచ్చింది. అతేకి ఆసుపత్రిలో డ్యూటీ, ఇంటికొచ్చే దారి లేదు. ఆవిడ భర్త వేరే ఊళ్ళో చిక్కుకుపోయాడు. పిల్లలిద్దరూ మా ఇంట్లో. టీవీలో అందరూ బ్యాటరీలు కొనుక్కోండి అంటున్నారు. నాకు మాత్రం 1996 నవంబరు 6 గుర్తొచ్చింది. అప్పుడు నాకు ఆరేళ్ళు. మా పెంకుటింటి కప్పు లేచిపోతే, నాన్న నన్ను భుజాన వేసుకుని చీకట్లో బడి దాకా నడిచారు. ఆ తుఫాను మన వైపు ఎన్ని ఇళ్ళు ముంచిందో, కోనసీమలో కొబ్బరిచెట్లు ఎలా పడుకున్నాయో మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళని అడగండి. అందుకని ఆ సాయంత్రమే బకెట్లూ గిన్నెలూ స్నానాల తొట్టీ నీళ్ళతో నింపాను. రెండు పూటలకి సరిపడా అన్నం వండి పెట్టాను. రాత్రికి కరెంటు పోయింది. మోటారు లేక కుళాయిలు ఆగాయి. లిఫ్టు ఆగింది. మూడు రోజులు. గ్యాసు పొయ్యి అగ్గిపుల్లతో వెలిగిస్తే వెలుగుతుందని తెలిసింది మా అంతస్తులో నాకొక్కదానికే. నాలుగు ఫ్లాట్లవాళ్ళకి కాఫీ పెట్టాను. హౌ ఆర్ యూ అని దిగిపోయినావిడ నా వంటింట్లో నేల మీద కూర్చుని, ఈసారి జవాబు దాకా విన్నది.

ఆ మూడు రోజులూ ఆ బిల్డింగులో నేను పనికొచ్చే మనిషిని. కరెంటు వచ్చాక మళ్ళీ డిపెండెంటుని.

ఇప్పుడు ఆ ఒక్క డాలరు సంగతి. మా ఆయన డబ్బులు ఇవ్వలేదని కాదు. అడిగితే ఎప్పుడూ కాదనలేదు. కానీ అడగాలి. సబ్బుకి అడగాలి, అమ్మకి ఫోన్ కార్డుకి అడగాలి, ఎందుకని ఆయన అడక్కపోయినా ఎందుకో నేనే చెప్పాలి. ఇక్కడ పెళ్ళికి ముందు ట్యూషన్లు చెప్పుకుని దాచుకున్న డబ్బులుండేవి నాకు. అక్కడ ఒకసారి లెక్క చూసుకుంటే కరెంటు బిల్లు ఆయన పేరు, అద్దె ఒప్పందం ఆయన పేరు, బ్యాంకు ఆయన పేరు, ఫోను కూడా ఆయన పేరే. ఎవరూ కుట్ర చేసి పెట్టింది కాదు. నేను వెళ్ళేసరికి అన్నీ అలా ఉన్నాయి, మార్చాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు, నాకూ రాలేదు. అమ్మకి ఫోన్లో గొంతు తేడాగా వినిపిస్తే, "కొత్త చోటు కదా, సర్దుకుపోవాలమ్మా" అనేది. స్విచ్చికీ అదే మాట, దీనికీ అదే మాట. అక్కడ నేను మోసపోయాను. రెండూ ఒకటే అనుకుని ఒక ఏడాదిన్నర గడిపేశాను.

లైబ్రరీ కార్డు దగ్గర నాకు మెలకువ వచ్చింది. నడిచి వెళ్ళే దూరంలో లైబ్రరీ ఉంది. పుస్తకాలు ఊరికే ఇస్తారు, కంప్యూటరు ఊరికే. కార్డుకి పైసా తీసుకోరు. పాస్‌పోర్టు చూపించాను. "ఈ ఊళ్ళో ఉంటున్నట్టు మీ పేరు మీద ఏదైనా కాగితం?" అని అడిగింది లైబ్రరీ ఆవిడ. కరెంటు బిల్లా, బ్యాంకు ఉత్తరమా, ఏదైనా సరే. ఏదీ లేదు. ఆవిడ చాలా మర్యాదగా, పోనీ మీ చిరునామాకి మీ పేరుతో పోస్టులో వచ్చిన కవరు, పోస్టు ముద్ర ఉన్నది, ఒక్కటున్నా చాలు అంది. అదీ లేదు. పదమూడు వేల కిలోమీటర్లు దాటి వచ్చిన మనిషికి ఒక్క కవరు లేదు! అమ్మ ఉత్తరం రాస్తే వస్తుంది, కానీ మా అమ్మ వేలిముద్ర.

ఇంటికొచ్చి అతేతో చెప్పి ఏడ్చాను. ఆవిడ ఏమీ అనలేదు. నాలుగు రోజులకి మా ఆయన టపా తెస్తూ, "నీకేదో వచ్చింది" అన్నారు. కవరు మీద నా పేరు. పెళ్ళికి ముందున్న ఇంటిపేరుతో సహా, పాస్‌పోర్టులో ఉన్నట్టే. పంపినవారి చిరునామా ఎదురు ఫ్లాటు. పది అడుగుల దూరంలో ఉన్న మనిషి, చేతికివ్వకుండా, బిళ్ళ అంటించి పోస్టు చేసింది. లోపల ఒక గ్రీటింగు కార్డు, అందులో ఒకే ఒక్క మాట, "తిన్నావా?" అని వాళ్ళ భాషలో. మర్నాడు కార్డు తెచ్చుకున్నాను. ఆ తర్వాత పట్టుబట్టి బ్యాంకు ఖాతాలో నా పేరు చేర్పించుకున్నాను. ఒక్క గంట పని. మా ఆయన, "ముందే చెప్పొచ్చు కదా" అన్నారు. నిజమే, చెప్పొచ్చు. ఆ తర్వాత డ్రైవింగు. న్యూజెర్సీలో లైసెన్సు కావాలంటే ఒక్కో కాగితానికి ఇన్ని పాయింట్లని ఉంటుంది, మొత్తం ఆరు రావాలి. నాకు ఆరు పాయింట్లు కూడేసరికి ఎనిమిది నెలలు.

అతే కథ మొత్తం బంగారమని అనుకోకండి. వాళ్ళు 'బాలిక్‌బాయన్' పెట్టెలు పంపుతారు. ఆ మాటకి సొంత దేశానికి తిరిగెళ్ళే మనిషి అని అర్థం. మనిషి వెళ్ళలేనప్పుడు పెట్టె వెళ్తుంది. పెద్ద అట్టపెట్టె కొని నెలల తరబడి నింపుతారు. సబ్బులు, టూత్‌పేస్టులు, చాక్లెట్లు, మాంసం డబ్బాలు, బట్టలు. ఓడలో వెళ్తుంది, చేరడానికి నెలా రెండు నెలలు. సర్దడంలో అతేని మించినవాళ్ళని నేను చూడలేదు. బూట్లలో మేజోళ్ళు, మేజోళ్ళలో మిఠాయిలు, వేలు పట్టే సందు ఉండదు. ఆ విద్య ఎలా వచ్చిందో ఒకసారి చెప్పింది. ఆరేళ్ళు ఆ పెట్టెలు వెళ్ళింది ఆవిడ సొంత పిల్లలకే. వాళ్ళని తల్లి దగ్గర వదిలి వచ్చింది. కాళ్ళ కొలతలు తెలీక, కాగితం మీద పాదాలు గీసి పంపమనేదట. చివరికి పిల్లలొచ్చిన రోజు విమానాశ్రయంలో చిన్నవాడు ఆవిణ్ణి 'టీటా' అని పిలిచాడట. అంటే పిన్ని అని.

మా పిన్ని కూడా అలాగే కువైట్ వెళ్ళింది. కోనసీమలోనూ మా వైపూ ఇంటికొకరు గల్ఫులో ఉన్న వీధులున్నాయని మీకు చెప్పక్కర్లేదు. పిన్ని పని చేసిన ఇంట్లో వంటకి ఒక ఫిలిప్పీన్ అమ్మాయి ఉండేదట. భాష తెలీక ఇద్దరూ సైగలతో మాట్లాడుకునేవారట. పిన్ని పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉండేది. నా పాస్‌పోర్టు నా బీరువాలోనే ఉంది, ఆ తేడా చిన్నది కాదు. నా కష్టాన్ని పిన్ని కష్టం పక్కన పెట్టుకునే ధైర్యం నాకు లేదు. అయినా ఊళ్ళో ఎవరైనా మా ఇద్దరినీ తలిస్తే, "ఆవిడ పనికెళ్ళింది, ఈవిడ దర్జాగా వెళ్ళింది" అంటారు. పిన్ని నెలనెలా డబ్బు పంపి ఇల్లు కట్టింది. దర్జాగా వెళ్ళినదాన్ని నేను అమ్మకి చీర కూడా మా ఆయన డబ్బుతోనే పంపాను.

2013 నవంబరు 8న ఫిలిప్పీన్స్‌లో హైయాన్ తుఫాను వచ్చింది. అతేది లేతె దీవి, సరిగ్గా అక్కడే కొట్టింది. ఆరు వేలమందికి పైగా పోయారు. ఐదు రోజులు ఆవిడకి తల్లి కబురు తెలీలేదు. డ్యూటీకి వెళ్ళడం, వచ్చి ఫోను ముందు కూర్చోవడం. ఆరో రోజు, బతికే ఉంది, ఇల్లు లేదు అని కబురొచ్చింది. ఆ రాత్రే పెట్టె సర్దడం మొదలుపెట్టింది. తుఫాను తర్వాత ఇంటికి ఏం కావాలో నాకు తెలుసు కదా. టార్పాలిన్లు, లావు తాడు, కొవ్వొత్తులు కావాలన్నాను. కొనడానికి ఈసారి ఎవర్నీ అడగలేదు, బ్యాంకు కార్డు మీద నా పేరుంది. డబ్బు ఆయనదే, కాదనను. కానీ అడగకుండా ఇచ్చిన మొదటి డబ్బు అది. పెట్టె మీద పంపేవారి పేరు రాస్తూ, అతే తన పేరు కింద నా పేరు కూడా రాసింది.

అమెరికాని తిట్టడానికి ఇదంతా రాయడం లేదు. గీత దాటితే చట్టం మారిపోవడం మా ఊరికి కొత్తేమీ కాదు. 1930లో శారదా చట్టం అమల్లోకి వచ్చి పద్నాలుగేళ్ళ లోపు ఆడపిల్లకి పెళ్ళి నేరమయ్యాక, బ్రిటిషు వైపు నుంచి జనం బళ్ళు కట్టుకుని ఫ్రెంచి యానాంకి వచ్చి పిల్లల పెళ్ళిళ్ళు చేసుకుపోయేవారు. కల్యాణపురం అని పేరు కూడా పడింది. ఆ పెళ్ళిపందిట్లో కూర్చున్న పిల్లని, గీతకి ఏ వైపు చట్టం ఏమిటో ఎవరైనా అడిగారా? 1962లో ఫ్రెంచి ఒప్పందం ఖాయమయ్యాక, ఎవరే దేశం పౌరులుగా ఉండాలో తేల్చుకోడానికి ఆరు నెలలు గడువిచ్చారు. ఒక్క సంతకం తేడాతో రెండు ఇళ్ళ బతుకులు రెండు రకాలయ్యాయి. కాగితం బలం మా తాతలకి తెలుసు. మా తాతల కంటే ముందువాళ్ళు ఇదే కోరంగి రేవు నుంచి రంగం వెళ్ళారు. బర్మాలో తెలుగువాళ్ళని 'కోరంగీలు' అనేవారంటే చూడండి. దేశాలు పోవడం మనకి అలవాటే. పోయేటప్పుడు ఆడపిల్ల చేతిలో ఏ కాగితముందో చూడకపోవడం కూడా అలవాటైంది.

కొంత మారింది. 2015 మే 26 నుంచి, హెచ్‌-1బి మీద ఉన్న భర్తకి గ్రీన్ కార్డు దారిలో మొదటి ఆమోదం వచ్చి ఉంటే, హెచ్‌-4 భార్య పని అనుమతికి దరఖాస్తు చేసుకోవచ్చు. మా ఆయన కంపెనీ అసలు గ్రీన్ కార్డుకి పెట్టలేదు. ఆరేళ్ళ గడువు అయిపోయింది. ఆ వార్త వచ్చిన వారం మేము సామాను సర్దుతున్నాం.

కాబట్టి నన్నడిగిన చెల్లికి ఇప్పుడు నా జవాబు. పెళ్ళిచూపుల్లో చివర, "ఏమైనా అడుగుతావా అమ్మా?" అంటారు. మనం తల అడ్డంగా ఊపుతాం. ఊపకు. అబ్బాయి వీసా ఏమిటో అడుగు. గ్రీన్ కార్డుకి పెట్టారా, పెడితే ఏ మెట్టులో ఉందో అడుగు. నీ వీసా మీద పని చెయ్యొచ్చా, లేకపోతే చదువుకి ఫీజు ఎవరు కడతారో అడుగు. అబ్బాయి ఉద్యోగం పోతే ఎన్నాళ్ళుండొచ్చో అడుగు. 2017 నుంచి అరవై రోజుల దాకా గడువుంది, అది నీకూ వర్తిస్తుంది. బ్యాంకులో, అద్దె కాగితంలో నీ పేరు చేరుస్తారా అని అడుగు. ఇవన్నీ అడిగితే పిల్ల గడుసుదంటారని మీ అమ్మ భయపడుతుంది. మా అమ్మా భయపడింది. కట్నం ఎంత, పొలం ఎంత, అబ్బాయి ప్యాకేజీ ఎంత అని అణా పైసలతో అడిగే సభలో, పిల్ల తన కాగితం గురించి అడిగితే గడుసుతనం ఎలా అవుతుందో నాకు అర్థం కాదు. ఈ ప్రశ్నలకి చిరాకు పడే అబ్బాయి అయితే ఆ సంగతి కాఫీ చల్లారేలోపే తెలిసిపోతుంది. జవాబులు తెలీకపోతే తెలుసుకుని చెప్తాననే అబ్బాయి దొరికితే, వెళ్ళు. స్విచ్చి పైకి వెయ్యడం పది రోజుల్లో వచ్చేస్తుంది. పోపు పెట్టేముందు కిటికీ తియ్యి.

అతే ఇప్పటికీ వారానికోసారి ఫోన్ చేస్తుంది. ఆవిడ పంపిన కవరు నా వ్యాకరణం నోట్సులో, సహాయక క్రియల పేజీ దగ్గర ఉంది. చూడాలనుకున్నవాళ్ళు మధ్యాహ్నం క్యారేజీ టైములో అడగండి. పోస్టు ముద్ర కాస్త వెలిసింది గానీ పేరు బాగానే కనబడుతుంది.